సవతి తుంగ

నల్లపాడు,
14 జూన్ 2003

జైనాబీకి,

బుడే రాసేది. మొన్న ఫోన్ చేస్తే నా మాట సగంలో ఉండగానే పెట్టేశావు. ఎస్టీడీ బూత్‌లో జనం ముందు రిసీవర్ పట్టుకుని వెర్రివాడిలా నిలబడ్డాను. ఉత్తరానికి ఆ బాధ లేదు. చించాలన్నా ముందు విప్పాలి. అందుకని రాస్తున్నాను.

నాయన పోయాక ఇది మొదటి వానాకాలం. వచ్చే బక్రీదు దాటాక వలిగుట్ట దర్గాలో గంధం. గంధం కుండ దించేది మన తుంగ చాప మీదనే అని నీకు నేను చెప్పక్కర్లేదు. నాయన ఉన్నన్నాళ్ళూ ఆ చాప ఉపవాసం ఉండి, గుట్ట కింది గదిలో తలుపేసుకుని, ఒక్కడే నేసేవాడు. ఇక నుంచి నేను నేస్తాను. పెద్దకొడుకుని నేను గనక ఇందులో చర్చ లేదు.

మీ ఎర్రకోనలో క్వారీ లారీల కోసం వాగు ఉత్తరపు ఒడ్డంతా చదును చేసి రోడ్డు వేశారని విన్నాను. ఇక మిగిలింది దక్షిణపు ఒడ్డు, మద్దిచెట్ల నీడన ఉన్న ఆ కాస్త తుంగే. అక్కడ అసలు తుంగా సవతి తుంగా కలిసి మొలుస్తాయి. ఊరుకుంటే సవతిది అసలుదాన్ని నెట్టేసి మొత్తం తనే ఆక్రమిస్తుంది. దాని బుద్ధే అంత. కాబట్టి వానలకి నేల మెత్తబడగానే సవతి తుంగ మొత్తం పీకించి పారెయ్. అసలుది మాత్రం ఉంచు. కోతల నాటికి అది ఒడ్డంతా పరుచుకోవాలి. కోసి, ఆరబెట్టి కట్ట నాకు పంపు.

రెండూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. అయినా నువ్వు కూడా నాయన కూతురివేగా, గుర్తులు రాయక్కర్లేదనుకుంటాను. మీ అమ్మని మాత్రం అడగకు. ఆవిడ దేన్ని పీకమంటుందో నాకు తెలుసు.

ఇట్లు,
షేక్ బుడే

*

ఎర్రకోన,
1 జూలై 2003

బుడే గారికి,

జైనాబీ నమస్కారాలు. మీరు పెద్దింటివారు, మేము చిన్నింటివాళ్ళం గనక 'గారు' పెట్టాను. 'అన్నా' అని రాస్తే ఏ హక్కుతో రాశావని మీరు మళ్ళీ ఫోన్ చేస్తారేమోనని భయం.

మీ ఉత్తరం వచ్చినప్పుడు అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. తనకి చదువు రాదని మీకు తెలుసు. "బుడే రాశాడా, చదవవే" అంది ఆశగా. మొగుడు పోయిన మనిషిని ఎలా ఉన్నావని అడిగి ఉంటారనుకుంది పాపం. నేను చదువుతూ పోతే సవతి, సవతి, సవతి. మూడోసారి వచ్చేసరికి "చాల్లే" అని గోడవైపు తిరిగి పడుకుంది. గడ్డి గురించేనమ్మా అన్నాను. "గడ్డి మీద పెట్టి ఎవర్ని అంటున్నాడో తెలియని దాన్ని కాదు" అంది. నేనూ తెలియని దాన్ని కాదు.

తుంగ సంగతి చూస్తాను. మీరు ఆజ్ఞాపించారని కాదు. ఇక్కడ పొద్దున లేచేసరికి గిన్నెల మీద, గిలకమీద, పసిపిల్లల కనురెప్పల మీద రాతిపొడి. లారీ పోతే ఇల్లు వణుకుతుంది. ఈ కోనలో ఇంకా పచ్చగా ఉన్నది ఆ ఒడ్డు ఒక్కటే. దాన్ని కాపాడటానికి నల్లపాడు నుంచి ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. అసలుదేదో సవతిదేదో నాయన నా చేతిలో పెట్టి మరీ చూపించాడు.

కానీ ఒక మాట. చాప ఈసారి మా అమ్మ నేస్తుంది. నాయన ప్రతి ఏడూ మా ఇంటినుంచి కట్ట తీసుకెళ్ళి చాప నేసేవాడు. తీరా దర్గాలో మాత్రం "పెద్దింటి చాప వచ్చింది, దారివ్వండి" అని కేకేసేవాళ్ళు. అమ్మ ఆడవాళ్ళ గుంపులో ముసుగు లాక్కుని వింటూ నిలబడేది. తుంగ మాది, పేరు మీది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తను నేసిన చాప మీద గంధం దించితే చూసి చచ్చిపోతానంటోంది. ఆవిడ మోకాళ్ళు చూస్తే ఆ మాట ఊరికే అంటోందని నాకు అనిపించడంలేదు.

ఏమంటారో రాయండి.

జైనాబీ

*

నల్లపాడు,
20 జూలై 2003

జైనాబీకి,

నేను గడ్డి గురించి రాస్తే మీ అమ్మ గురించి అనుకోవడం గుమ్మడికాయల దొంగ సామెతలా ఉంది. భుజాలు ఎందుకు తడుముకోవాలి? సవతి తుంగ అన్న పేరు నేను పెట్టింది కాదు, నాయన పెట్టింది. వెళ్ళి ఆయన గోరీని అడుగు.

ఇక మీ ఇంటినుంచి కట్ట పట్టుకెళ్ళేవాడట! నవ్వొచ్చింది. గంధం ముందు నాయన కోన నుంచి కోసి తెచ్చి మా ఇంటి దూలం మీద ఆరవేసిన కట్ట భుజాన వేసుకుని బయల్దేరడం నేను పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. వెళ్ళేముందు మా అమ్మతో ఒకే మాట అనేవాడు: "హుస్సేన్‌బీ, అసలు తుంగ ఈ ఇంట్లోనే ఉంది. అక్కడ ఉన్నది సవతిది." ఆ మాట కోసం మా అమ్మ ఏడాదంతా ఎదురుచూసేది. విని మురిసిపోయి ఆ పూట కోడి కోయించేది. మీ ఇంట్లో ఆయన తీసుకున్న కట్ట ఏ పశువుల పాకలోకో పోయి ఉంటుంది. మిమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక మోసుకెళ్ళి ఉంటాడు. మెత్తటి మనిషి.

చాప నేనే నేస్తాను. పేరు పెద్దింటిదే. మా అమ్మ పోయి ఏడేళ్ళయినా ఆవిడకి ఈ లోకంలో మిగిలిన గౌరవం అదొక్కటే. ఆవిడ బతికున్నప్పుడు నెలకి పది రోజులు ఇంట్లో ఉన్న మొగుడు, తక్కిన ఇరవై రోజులు ఎక్కడ ఉన్నాడో నీకు చెప్పాలా? ఆ ఇరవై రోజులూ మీవి. చాప మీద పేరు మాది. దానికి కూడా చెయ్యి చాపితే ఎలా?

ఇక్కడ వ్యాపారం గురించి నువ్వు అడగవు గానీ చెప్తాను. పరుపులు కుట్టించుకునేవాళ్ళు తగ్గారు. అందరికీ ఫోమ్ కావాలి. చాపలంటే ప్లాస్టిక్‌వి, మడత పెడితే చంకలో పడతాయి. నేను నేసే తుంగ చాప ఇప్పుడు పెళ్ళికూతురు కూడా అడగడం లేదు. గంధం చాప ఒక్కటే నేను చాపల మనిషినని చెప్పే సాక్ష్యం. అది కూడా మీ అమ్మకిచ్చి నేను ఫోమ్ ముక్కలు కోసుకుంటూ కూర్చోమంటావా?

పీకించావా లేదా, అది రాయి.

బుడే

*

ఎర్రకోన,
9 సెప్టెంబర్ 2003

బుడే గారికి,

పని అయింది.

ఆగస్టు వానలకి నేల మెత్తబడ్డాక నేనూ, మిరపచేలో నాతోపాటు కలుపు తీసే ఆడవాళ్ళూ దిగాం. పైనుంచి చూస్తే ఒకటే పచ్చదనం. ప్రతి దుబ్బునీ వేళ్ళతో విడదీసి మొదలు చూడాలి. మద్దిచెట్ల కింద జలగలు. ఒడ్డు ఈ చివర్నుంచి ఆ చివరి దాకా వంగిన నడుము ఎత్తకుండా చేశాం. మొదలు ఎర్రగా ఉన్నదాన్ని ఒక్కదాన్నీ వదల్లేదు. పీకిందంతా గంపలకెత్తి క్వారీవాళ్ళు పోసిన రాళ్ళగుట్ట అవతల పారేశాం. ఇప్పుడు ఒడ్డు మీద తెల్లమొదలు తుంగ ఒక్కటే, దువ్విన తలలా ఉంది. నాయన చూస్తే మెచ్చుకునేవాడు.

మీరు మెచ్చుకోరని తెలుసు. కనీసం పనయిందని ఒప్పుకోండి.

ఇరవై రోజుల లెక్క రాశారు. ఆ ఇరవై రోజుల్లో ఆయన సగం రోజులు మీ అమ్మకి ఒంట్లో బాలేదని, మీకు ఫీజు కట్టాలని, మీ ఇంటి కప్పు కారుతోందని గొణుగుతూ గడిపేవాడు. మనిషి ఇక్కడ, ధ్యాస అక్కడ. అలాంటి మొగుడితో కాపురం చేసిన మా అమ్మదే అదృష్టమంటారా? సరే, మీ ఇష్టం.

చాప విషయం నేను వదల్లేదు. అమ్మ ఇప్పట్నుంచే వేళ్ళకి నూనె రాసుకుంటోంది.

జైనాబీ

*

నల్లపాడు,
17 సెప్టెంబర్ 2003

జైనాబీ,

నీ ఉత్తరం చదివి దుకాణంలోనే కేకలేశాను. నా భార్య మంచినీళ్ళు తెచ్చింది.

ఎర్రమొదలుది పీకేశావా? ఎర్రమొదలుదే అసలు తుంగ! కాడ నిలువునా మూడు అంచులు, కత్తిలా తెగుతాయి. వేలితో దొర్లిస్తే దొర్లదు, గంటు వేస్తుంది. కొసన పూసే వెన్ను ఎర్రమట్టి రంగులో ఉంటుంది. వేరు నలిపితే వానకి తడిసిన దర్గా వాసన. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నాయన నన్ను ఆ ఒడ్డు మీద కూర్చోబెట్టి, అంచు మీద నా వేలు పెట్టి గీసి, రక్తం వస్తే నవ్వి, "ఒరేయ్, తెగిందా, అది అసలు. తెగనిది సవతిది" అన్నాడు. ఆ గీత నా వేలి మీద ఇప్పటికీ ఉంది.

నువ్వు ఉంచింది సవతి తుంగ. మెత్తటి కాడ, చప్పిడి వేరు.

పొరపాటున జరిగిందంటే నేను నమ్మను. నాయన కూతురికి తుంగ తెలియకపోవడం ఏమిటి? అసలుదాన్ని వేళ్ళతోసహా పీకించి, మీ అమ్మ గడ్డిని ఒడ్డంతా పరిపించుకుని, "పనయింది, మెచ్చుకోండి" అని రాసే ధైర్యం నీకెక్కడిది? చాప మేము నేయకుండా చేయడానికి ఇంతకంటే మంచి ఎత్తు ఏముంటుంది. వచ్చిన ఇల్లు ఆక్రమించడం మీ అమ్మకి వచ్చిన విద్య. ఆ విద్య నీకూ వచ్చింది.

నేను వలిగుట్ట వెళ్తున్నాను. దర్గా చూసుకునే ముజావరు గారికి అంతా చెప్తాను. నీ చేతి మీదుగా వచ్చిన గడ్డిపోచ కూడా దర్గా గడప దాటకుండా చూస్తాను. ఇక ఉత్తరాలు వద్దు.

బుడే

*

ఎర్రకోన,
24 సెప్టెంబర్ 2003

బుడేకి,

ఇక 'గారు' లేదు.

వద్దన్నా రాస్తున్నాను. చించుకో. నువ్వన్నట్టు చించాలన్నా ముందు విప్పాలిగా.

సవతి తుంగ పీకమన్నావు. పీకాను. సవతి తుంగ అంటే ఎర్రమొదలుది. నాయన నా చేతిలో పెట్టి చెప్పాడు. నేను ఓణీ వేసుకునే వయసులో ఇదే ఒడ్డు మీద, ఇదే మద్దిచెట్టు కింద. రెండు కాడలు తీసి నా అరచేతిలో దొర్లించాడు. గుండ్రంగా దొర్లినదాన్ని చూపించి, "అమ్మాయ్, ఇది చర్మానికి హాని చేయదు, దీని మీద పసిబిడ్డని కూడా పడుకోబెట్టొచ్చు, ఇది అసలు. చెయ్యి కోసేది సవతిది" అన్నాడు. దాని వెన్ను లేతపసుపు, వేరు కొరికితే తియ్యన. నీ ముక్కుకి వాసన తెలుసేమో, నా నాలుకకి రుచి తెలుసు.

ఇంకో సంగతి విను. నాయన మా ఇంట్లో కూడా కట్ట భుజాన వేసుకునేవాడు. మా అమ్మతో కూడా అనేవాడు: "ఖాదర్‌బీ, అసలు తుంగ ఈ ఇంట్లోనే ఉంది. అక్కడ ఉన్నది సవతిది." అచ్చం ఇవే మాటలు. మా అమ్మ ఆ పూట సేమ్యా పాయసం కాచేది. మీ కట్టే పశువుల పాకకి పోయిందేమో ఎవరు చూశారు? మిమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక మోసుకొచ్చి ఉంటాడు. మెత్తటి మనిషి.

వచ్చిన ఇల్లు ఆక్రమించింది అన్నావు. మా అమ్మ మీ ఇంటి గడప ఎప్పుడైనా తొక్కిందా? మీ అమ్మ జనాజాకి వచ్చి కూడా వీధిలోనే, ఎండలో, నిలబడి తిరిగొచ్చింది. లోపలికి రమ్మన్న నోరు మీ ఇంట్లో ఒక్కటీ లేదు. నువ్వు కూడా చూశావు. చూసి తల తిప్పుకున్నావు.

నీ ఉత్తరం నేను అమ్మకి చదవలేదు. కానీ నా మొహం చదివింది. రెండు పూటలు అన్నం ముట్టలేదు.

ముజావరు దగ్గరికి వెళ్తానన్నావుగా, వెళ్ళు. ఈ కవరులో రెండు కాడముక్కలు పెట్టాను. ఎర్రది రాళ్ళగుట్ట అవతల ఎండినవాటిలోంచి తీశాను. ఆయన ముందు పెట్టి అడుగు. ఇన్నేళ్ళూ గంధం ఏ తుంగ మీద దిగిందో ఆయనకంటే ఎవరికి తెలుస్తుంది? తెల్లదని తేలితే మాత్రం నువ్వు ఎర్రకోన వచ్చి, మా అమ్మ మంచం దగ్గర నిలబడి, సవతి అన్న మాట వెనక్కి తీసుకోవాలి.

ఖాదర్‌బీ కూతురు
జైనాబీ

*

నల్లపాడు,
19 అక్టోబర్ 2003

జైనాబీకి,

జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో సంబరపడకు.

ముజావరు పీరు సాహెబు నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు. నీ కాడముక్కలు ముందు పెట్టాను. "నాకు గడ్డి సంగతి తెలవదు బుడే. చాపల సంగతి తెలుసు" అని అటకెక్కించిన పాత చాపలు దింపించాడు. గంధం తగిలిన చాప బయట పారేయకూడదని ఏ ఏటి చాప ఆ ఏడు చుట్టి అటక మీద పెడతారట. చాప పరిచీ పరవగానే దాని మీద పచ్చబట్ట వేస్తారు, ఆపైన గంధం. నాయన నేసిన చాపని నాతోసహా ఎవరం దగ్గర్నుంచి చూసిందే లేదని అప్పుడు తట్టింది.

నాయన చివరిసారి నేసినది విప్పాం. గంధం పెచ్చుకట్టి ఉంది. తడిబట్టతో నిదానంగా తుడిచాను. కింద ఎరుపూ తెలుపూ చారలు. పతంగి చెక్క నీళ్ళలో రంగు వేశాడని ఊళ్ళో అందరూ అనుకునే చారలు. రంగు కాదు. తడి తగలగానే నా వేలికి తెలిసింది. ఒక కాడ అంచు కోస్తోంది, పక్కది దొర్లుతోంది. మళ్ళీ కోసేది, మళ్ళీ దొర్లేది. ఒకటి మాది, ఒకటి మీది. చాప పొడుగునా అంతే. దాని ముందరి ఏటిది విప్పాం, అంతే. మా అమ్మ పోయిన ఏటిది విప్పాం, అందులోనూ అంతే. మా ఇంట్లో ఆ ఏడు కట్టని ఎవరు ఆరబెట్టారో నాకు గుర్తు లేదు. ఆయనే ఆరబెట్టుకుని ఉంటాడు.

కాబట్టి నాయన మా అమ్మకీ అబద్ధం చెప్పాడు, మీ అమ్మకీ అబద్ధం చెప్పాడు. ఇక్కడ కోడి తిన్నాడు, అక్కడ పాయసం తాగాడు. ఇద్దర్నీ వెర్రివాళ్ళని చేసి, తలుపేసుకుని రెండూ కలిపి నేసి, ఆ రహస్యం పట్టుకుని గోరీలోకి పోయాడు. బతికుంటే చొక్కా పట్టుకుని అడిగేవాణ్ణి. నీ మీద ఉన్న కోపం సగం ఆయన మీదికి మళ్ళింది. సగమే. తక్కినది నీ దగ్గరే ఉంది.

పీరు సాహెబు తేల్చి చెప్పాడు. "రెండూ ఉన్న చాప తెస్తే పరుస్తా. ఒక్కదానితో నేసింది ఈ దర్గాలో ఎప్పుడూ పరవలేదు. నా హయాంలో పరవను. తేలేకపోతే చెప్పండి, బజార్లో ప్లాస్టిక్ చాప కొనుక్కుంటా."

ప్లాస్టిక్ చాప. విన్నావా? గంధం కుండ కింద.

తెల్లది ఒడ్డు నిండా ఉంది. ఎర్రది నువ్వు పీకేశావు. పీకమన్నది నువ్వేగా అని రాస్తావు, రాయకు. నాకు తెలుసు. చుట్టుపక్కల ఏ కోనలో అయినా ఎర్రది ఉందేమో వెతుకు. నేను కోటప్పకొండ దిగువన వెతికాను, లేదు. అక్కడ ఉన్నది వేరే తుంగ, కాడ బోలు.

మీ అమ్మకి ఈ సంగతి చెప్తావో మానతావో నీ ఇష్టం.

బుడే

*

ఎర్రకోన,
12 జనవరి 2004

బుడేకి,

రంజాను వచ్చి వెళ్ళింది, జవాబు రాయలేదు. రాయడానికి ఏమీ లేక కాదు. రాస్తే తిట్లే వచ్చేవి, ఉపవాసం పాడుచేసుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

ఎర్రది దొరికింది. వేరే కోనలో కాదు. దీపావళి తర్వాతి ముసురుకి క్వారీ గుట్ట అవతల, నేను గంపలకెత్తి పారేసినచోట, ఆ రాతిపొడిలోంచే పొడుచుకొచ్చింది. వారం పోయాక ఒడ్డు మీద తెల్లదాని మధ్య కూడా తలెత్తింది. తుంగ పీకితే పోతుందా? మిరపచేలో కూలికెళ్ళే ఏ మనిషినడిగినా నవ్వుతుంది. మనిద్దరం తుంగ గురించి ఇంత పోట్లాడుకుని ఆ ఒక్క ముక్క మర్చిపోయాం. పైన పీకాను, కింద గడ్డలు అలాగే ఉన్నాయి.

కాడ ఇంకా పొట్టిగా ఉంది. పెద్ద చాప రాదు. కుండ కిందికి సరిపోయే చాప వస్తుంది.

అమ్మకి చెప్పాను. నీ ఉత్తరం మొత్తం చదివాను, పాయసం దగ్గర కూడా ఆపలేదు. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. "ఆయన అబద్ధమాడలేదే" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఇద్దరికీ అదే మాట చెప్తే అబద్ధం కాదా అన్నాను.

"పిచ్చిదానా, సవతనేది ఒక మనిషి పేరంటే? ఆ ఇంట్లో నిలబడితే నేను సవతిని. ఈ ఇంట్లో నిలబడితే ఆవిడ సవతి. ఆయన ఎక్కడ నిలబడితే అక్కడి మాట చెప్పాడు. నాకూ కోపమే, ఇట్టా ఇద్దరి దగ్గరా నిలబడినందుకు కోపం. మాట తప్పినందుకు కాదు. ఒక్కతే ఉంటే సవతెట్టా అవుద్ది? ఇద్దరుంటేనేగా ఆ మాట."

అని, చాప తనే నేసింది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మంచం మీదనుంచి దిగి, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని, తెల్లకాడ ఒకటి, ఎర్రకాడ ఒకటి. తెల్లది వేలికి అలవాటైనది, పరిగెత్తేది. ఎర్రది ప్రతిసారీ కోసింది. "హుస్సేన్‌బీ, బతికున్నప్పుడు ఒక్క మాట అనలేదు, ఇప్పుడు కోస్తున్నావా" అని దానితో మాట్లాడుకుంటూ, వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుని నేసింది. నేను పక్కన కూర్చుని కాడలు అందించాను. అంతకంటే దగ్గరికి రానివ్వలేదు.

చాప రాతి పలకలు తోలే ఇమ్మానియేలు లారీలో పంపుతున్నాను. గుంటూరు వచ్చి ఫోన్ చేస్తాడు, వెళ్ళి తీసుకో. మేము గంధానికి రావడం లేదు. అమ్మ బస్సెక్కే స్థితిలో లేదు. ఎక్కగలిగినా వచ్చేది కాదేమో. పిలిచిన వాళ్ళెవరూ లేరు.

ఇక షరతు. ఇది పాటించకపోతే చాప అదే లారీలో వెనక్కి పంపు, ప్లాస్టిక్‌ది కొనుక్కోండి. దర్గాలో "పెద్దింటి చాప" అని కేక వేయకూడదు. చిన్నింటి చాప అని కూడా అక్కర్లేదంది. "సవతుల చాప" అని వేయమంది. నేను కాదన్నాను, నలుగురూ నవ్వుతారమ్మా అన్నాను. "నవ్వనీ. ఆ మాటలో ఆవిడుంది, నేనున్నా. వేరే మాటల్లో ఒకళ్ళం బయట నిలబడాలి" అంది.

నువ్వు ఒప్పుకోవని నేను పందెం కాశాను. ఒప్పుకుంటావని అమ్మ.

జైనాబీ

*

నల్లపాడు,
20 ఫిబ్రవరి 2004

జైనాబీకి,

నువ్వు ఓడిపోయావు. సంతోషం.

చాప చేరింది. లారీలో అంచులకి రాతిపొడి పట్టింది, దులిపాను. అంచులు నాయన కంటే బాగా తిప్పింది. ఇది నేను రాశానని చెప్పకు.

పీరు సాహెబు ఆ మాట అనడానికి ఒప్పుకోలేదు. "దర్గాలో సవతుల మాటేంది బుడే, ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోండి" అన్నాడు. గంధం ఊరేగింపు మెట్ల దగ్గరికి వచ్చేసింది. డప్పులు ఆగాయి. చాప నా నెత్తి మీద ఉంది. నా భార్య "పెద్దింటిదనే అనండి, వాళ్ళు వచ్చి వింటారా ఏమన్నానా" అంది. నిజమే, మీరు వినరు. నోటిదాకా వచ్చింది కూడా.

నేనే కేక వేశాను. "సవతుల చాప వచ్చింది, దారివ్వండి."

నవ్వారు. నువ్వన్నట్టే. కుర్రాళ్ళు ఈల కూడా వేశారు. మొహం కందగడ్డయింది. నిన్నూ మీ అమ్మనీ మనసులో ఎన్ని తిట్టుకున్నానో రాయను. అంతలో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలావిడ, ఎవరో తెలియదు, గట్టిగా అడిగింది: "ఎవరయ్యా ఆ సవతులు? పేర్లు లేవా వాళ్ళకి?"

"హుస్సేన్‌బీ. ఖాదర్‌బీ" అన్నాను.

జైనాబీ, మా అమ్మ పేరు ఆ దర్గాలో వినపడటం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ పెద్దిల్లు పెద్దిల్లు అన్నారు. ఆ ఇంట్లో ఒక మనిషి ఉందని, ఆమెకో పేరుందని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. గౌరవమని నేను గుద్దులాడింది ఒక ఇంటి గోడల కోసం. మెట్లెక్కేటప్పుడు ఎర్రకాడ అంచు ఒకటి నా నుదురు గీసింది. తుడుచుకోలేదు.

చాప పరిచారు. ఈసారి పచ్చబట్ట కొంచెం పక్కకి జరిపించాను, చారలు కనపడేలా. గంధం కుండ దానిమీదనే దించారు.

నీ మీద నాకు కోపం పోలేదు. నాకు రాసిన ప్రతి ఉత్తరంలో నన్ను ఎత్తిపొడిచావు. నేనూ ఎత్తిపొడిచాను. ఇప్పట్లో మీ గడప తొక్కుతానని అనుకోకు. జనాజా రోజు వీధిలో నిలబెట్టిన మాట రాశావే, అది నిజమే. అందుకు ఇంకా కోపం.

చిన్నమ్మ వేళ్ళకి పసుపూ వెన్నా కలిపి రాయి. వచ్చే ఏడు ఎర్రకాడలు ముందుగానే నానబెట్టండి, అంచు మెత్తబడుతుంది. ఒడ్డు మీద ఏదీ పీకకు. క్వారీవాళ్ళు ఆ ఒడ్డు జోలికొస్తే వెంటనే ఫోన్ చెయ్యి. నేనైతే నీలా మధ్యలో పెట్టేయను.

నీ సవతి అన్న,
బుడే